కోరంగి: పూడిన రేవు, పెరిగిన మడ

ఉపోద్ఘాతం

కాకినాడ నుంచి యానాం వైపు సాగే 216వ నంబరు జాతీయ రహదారి మీద చొల్లంగి దాటాక కోరంగి వస్తుంది. తాళ్ళరేవు మండలానికి చెందిన ఈ గ్రామం 2022 ఏప్రిల్ వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. జిల్లాల పునర్వ్యవస్థీకరణతో కాకినాడ జిల్లాలో చేరింది. నేడు ఈ పేరు వినగానే ఎవరికైనా స్ఫురించేది మడ అడవి. అటవీశాఖ వేసిన చెక్కబాట, దానికి ఇరువైపులా బురదలోంచి పైకి పొడుచుకు వచ్చిన శ్వాసవేర్లు, పోటు వేళ కాలువల్లో తిరిగే పడవ, వీటి కోసం సెలవు రోజుల్లో సందర్శకులు వస్తారు. కాకినాడ, రాజమహేంద్రవరాల నుంచి వచ్చేవారితోపాటు శుక్రవారం రాత్రి హైదరాబాదులో గచ్చిబౌలి పరిసరాల్లో బస్సెక్కి, తెల్లవారేసరికి కాకినాడలో దిగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులూ వారిలో ఉంటారు.

వారు చూసి వెళ్ళే కోరంగికీ, ఓడల చరిత్రలో కనిపించే కోరంగికీ పొంతన కుదరదు. ఒకటి మనిషి చేయి సోకని ప్రకృతిగా పరిచయమవుతున్న అడవి. మరొకటి బంగాళాఖాతం అంచున ఓడలు కట్టిన రేవు. బర్మాలో, మారిషస్‌లో తెలుగువారికి తన పేరునే జాతినామంగా ఇచ్చిన ఊరు. ఈ రెండింటినీ వేర్వేరు విషయాలుగా చూడటం అలవాటైంది. రేవు గురించి రాసేవారు అది ఎప్పుడు మూతపడిందో చెప్పి ఊరుకుంటారు. అడవి గురించి రాసేవారు 1978 నుంచి మొదలుపెడతారు. రేవును పూడ్చిన ఒండ్రే అడవికి ఆధారమైందనీ, రెండింటి చరిత్రా ఒకటేననీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ దృష్టితో చూసినప్పుడు గ్రామంలో సందర్శకునికి చూపదగినవి ఏమిటన్న ప్రశ్నకు సమాధానం కొంత మారుతుంది.

పేరు

కోరంగి పేరుకు మూడు వ్యుత్పత్తులు ప్రచారంలో ఉన్నాయి. స్థలపురాణం ప్రకారం మారీచుడు మాయలేడి రూపంలో రాముని బాణానికి కూలింది ఇక్కడే. సంస్కృతంలో కురంగం అంటే లేడి కనుక ఊరికి ఆ పేరు వచ్చిందని, కోరంగేశ్వరుని ప్రతిష్ఠ కూడా ఆ కథతోనే ముడిపడి ఉందని చెబుతారు. ఆంగ్లేయుల కాలపు నిఘంటుకారులు కళింగ శబ్దమే మారి కోరంగి అయిందని ఊహించారు. మద్రాసు పరిపాలనా పదకోశం మాత్రం తెలుగులో చిన్న ఏలకులకు వాడే కొరంగి అన్న మాటను చూపింది.

ఈ మూడింటిలో కళింగ వాదానికే చరిత్రకారుల్లో ఆదరణ ఎక్కువ. మలయా ప్రాంతంలో దక్షిణ భారతీయులను క్లింగ్ అనడం, బర్మాలో తెలుగువారిని కొరింగీ అనడం, రెండూ ఒక మూలానికే చేరతాయని అనుకోవడం ఆకర్షణీయంగా ఉంటుంది. అయితే కళింగ అన్నది ఒక దేశానికి పేరు, కోరంగి ఒక రేవుకు పేరు. రేవు పేరును అక్కడ ఓడెక్కినవారికి అంటగట్టడం నావికుల్లో సర్వసాధారణమైన అలవాటు. ఆ ఒక్క అలవాటుతోనే బర్మా పదం వివరణ పూర్తవుతుంది. దేశనామం దాకా పోవలసిన అవసరం కనిపించదు. లేడి కథ విషయానికి వస్తే, అది పేరు పుట్టుకను చెప్పకపోయినా, ఊరు తన రేవును యాత్రాస్థలంగా ఎలా భావించుకుందో చెబుతుంది. ఆ అంశం వ్యాసం చివర మళ్ళీ వస్తుంది.

రేవు

గోదావరి డెల్టాలో ఓడల నిర్మాణం కోరంగితో మొదలు కాలేదు. 17వ శతాబ్దంలో నరసాపురం, దాని పక్కనున్న మాధవాయపాలెం ఆ పనికి పేరుపొందాయి. థామస్ బౌరీ వంటి ఆంగ్ల నావికులు నరసాపురం వడ్రంగుల పనితనాన్ని గుర్తించి రాశారు. అడవుల నుంచి నదిలో తేలుతూ వచ్చే కలప, చవకగా దొరికే ఇనుము, తరతరాల వడ్రంగి విద్య, మూడూ ఒకచోట చేరడమే ఆ ప్రాంతపు బలం. వశిష్ఠ గోదావరి మొగలో ఇసుక పేరుకుంటున్నకొద్దీ ఆ పని క్రమంగా తూర్పుకు, గౌతమీ పాయ నుంచి చీలిన కోరంగి నది ఒడ్డుకు జరిగింది. ఒక రేవు పూడటం మరొక రేవుకు ప్రాణం పోయడం ఈ డెల్టాలో కొత్త సంగతి కాదు. కోరంగి లాభపడింది ఆ విధంగానే, నష్టపోయిందీ ఆ విధంగానే.

18వ శతాబ్దంలో కోరంగి చుట్టూ కొద్ది మైళ్ళ వ్యవధిలో ఐరోపా కంపెనీల స్థావరాలు గుమిగూడాయి. ఇంజరంలో, నీలపల్లిలో, బండమూర్లంకలో ఆంగ్లేయులు, యానాంలో ఫ్రెంచివారు, జగన్నాథపురంలో డచ్చివారు ఉండేవారు. ఇంజరం గిడ్డంగికి చుట్టుపక్కల నేతపల్లెల నుంచి బట్టల మూటలు చేరేవి. ఆ మూటలు సముద్రం చేరడానికి కోరంగి అవసరమైంది. బయట లంగరు వేసిన పెద్ద ఓడకూ ఒడ్డుకూ మధ్య సరుకు మోసే పడవలు, వాటిని నడిపే సరంగులు, కలాసీలు, తెరచాపలు కుట్టేవారు, తాళ్ళు పేనేవారు, బద్దల మధ్య సందుల్లో నార కూరి గుగ్గిలం పోసేవారు, వీరందరి మీదా ఆధారపడి రేవు నడిచేది. కంపెనీ పత్రాల్లో గుమాస్తాల పేర్లు దొరికినంత సులభంగా ఈ పనివారి పేర్లు దొరకవు.

కోరంగికి ప్రత్యేకతను తెచ్చిపెట్టినది ఓడల మరమ్మతు. హెన్రీ మోరిస్ 1878లో వెలువరించిన గోదావరి జిల్లా గ్రంథంలో, కలకత్తాకూ శ్రీలంకలోని తిరుకోణమలైకీ నడుమ పెద్ద ఓడలను డాక్‌లోకి తీసుకుని బాగుచేయగలిగిన చోటు ఇదొక్కటేనని పేర్కొన్నాడు. రాతి కట్టడం లేని తీరంలో ఇది ఎలా సాధ్యమైందో గమనించాలి. మట్టి డాక్‌లో పని జరిగే తీరు సరళమైనది. మెత్తని ఒండ్రు నేలలో ఓడ పట్టేంత గొయ్యి తవ్వుతారు. పున్నమి, అమావాస్యల పెద్దపోటు వేళ ఓడను లోపలికి లాగుతారు. పాటు మొదలై నీరు తగ్గగానే మట్టిగట్టు కట్టి ముఖద్వారం మూసి, మిగిలిన నీటిని తోడేస్తారు. పని పూర్తయ్యాక గట్టు తెంచి, మరుసటి పెద్దపోటు మీద ఓడను నదిలోకి వదులుతారు. పోటుపాట్ల లెక్క, ఒండ్రు స్వభావం తెలిసిన కూలీల చేతుల మీదనే ఇదంతా జరిగేది. బురద వల్లనే డాక్ సాధ్యమైంది. అదే బురద డాక్‌ను మింగింది.

ఇంజరం వర్తకం 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే సన్నగిల్లింది. 1833 చార్టర్ చట్టంతో కంపెనీ వర్తకమే ముగిసింది. లాంకషైర్ మిల్లుబట్ట డెల్టా నేతగాళ్ళ బజారును ఆక్రమించింది. రేవు పతనాన్ని ఉప్పెనలకో ఒండ్రుకో మాత్రమే ఆపాదించేవారు ఈ కారణాన్ని తక్కువ చేసి చూస్తున్నారు. రేవును లోతుగా ఉంచడానికి ఎవరైనా డబ్బు ఖర్చుపెట్టాలంటే అందులోంచి సరుకు పోతూ ఉండాలి. సరుకు తగ్గినప్పుడు పూడిక తీసే చేయి ఉండదు.

రెండు ఉప్పెనలు

కోరంగి పేరును ప్రపంచం గుర్తుంచుకున్నది ప్రధానంగా రెండు ప్రకృతి వైపరీత్యాల వల్ల. మొదటిది 1789 డిసెంబరులో వచ్చింది. ఆ రోజు గాలివానతోపాటు మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చినట్లు సమకాలిక కథనాలు తెలుపుతున్నాయి. మొదటి కెరటం లంగరు వేసిన ఓడలను ఒడ్డుకు విసిరింది, రెండవది లోతట్టును ముంచింది, మూడవది మిగిలినదాన్ని ఊడ్చుకుపోయింది. కలకత్తాలో ఉంటూ బంగాళాఖాతపు తుఫానులను పరిశోధించిన హెన్రీ పిడింగ్టన్ ఈ సంఘటనను తన రచనల్లో ప్రస్తావించాడు. 1848లో ప్రచురించిన నావికుల గ్రంథంలో సైక్లోన్ అన్న పదాన్ని ప్రవేశపెట్టినవాడు ఆయనే. పాము చుట్టను సూచించే గ్రీకు మాట నుంచి ఆ పదాన్ని తయారుచేశాడు.

ఇక్కడ భాషకు సంబంధించిన ఒక సంగతి చెప్పుకోవాలి. ఆనాటి ఆంగ్ల కథనాలు కోరంగిని ముంచిన నీటిని పోటుకెరటమనే అర్థం వచ్చే మాటతో చెప్పాయి. నిజానికి అది పోటుకు సంబంధించినది కాదు, గాలి తోసుకొచ్చిన నీరు. తెలుగు తీరప్రజలు గాలివానను వేరుగా, ఉప్పెనను వేరుగా, పోటును వేరుగా చెబుతారు. గాలివాన వచ్చిన ప్రతిసారీ ఉప్పెన రాదనీ, పోటు వేళ గాలి కలిస్తే ఉప్పెన ఎత్తు పెరుగుతుందనీ వారికి తెలుసు. శాస్త్రం తరువాత ఏర్పరచుకున్న విభజన ఈ మూడు మాటల్లో ముందే ఉంది.

రెండవ ఉప్పెన 1839 నవంబరు 25న వచ్చింది. లోకంలోని ఘోరమైన తుఫానుల పట్టికల్లో ఇది నేటికీ పైవరుసలో కనిపిస్తుంది. 40 అడుగుల ఎత్తున నీరు వచ్చిందని, 20,000 ఓడలు నాశనమయ్యాయని, 3,00,000 మంది మరణించారని ఆ పట్టికలు చెబుతాయి. ఈ అంకెలు ఒక సంకలనం నుంచి మరొకదానికి ఎక్కుతూ వచ్చి, తెలుగు పత్రికల్లోనూ పాఠ్యపుస్తకాల తరహా రచనల్లోనూ స్థిరపడిపోయాయి. వీటిని యథాతథంగా స్వీకరించడం కష్టం.

ముందు ఓడల సంగతి. చిల్లర పడవలన్నింటినీ కలిపి లెక్కించినా, ఒక చిన్న నదిపాయ మొగలో 20,000 నౌకలు ఒకేసారి నిలిచి ఉండటం అసాధ్యం. అప్పటికే ఆ రేవు వర్తకం తగ్గుముఖం పట్టింది కూడా. ఇక మృతుల సంగతి. ఆనాటి రాజమండ్రి జిల్లా మొత్తం జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలుగా లెక్కకు వచ్చింది. 1840 ప్రాంతానికి అది సుమారు అయిదున్నర లక్షలకు పడిపోయింది. అంటే ఆ ఇరవై ఏళ్ళలో జిల్లా అంతటా తగ్గినది దాదాపు రెండు లక్షలు. ఆ తగ్గుదలలో 1832-33 నాటి కరువు మరణాలున్నాయి, అంటురోగాలున్నాయి, బతుకుతెరువు వెతుక్కుంటూ వలసపోయినవారున్నారు. ఇన్ని కారణాలు కలిసి రెండు లక్షలైతే, ఒక్క రాత్రి ఉప్పెనలో మూడు లక్షల మంది చనిపోయారన్న మాట ఆ లెక్కలో ఇమడదు. 1789 మృతుల సంఖ్యగా వాడుకలో ఉన్న 20,000, 1839 ఓడల సంఖ్యగా చెప్పే 20,000 ఒకటే కావడం కూడా అనుమానించదగినదే. రెండు సంఘటనల కథనాలు చేతులు మారడంలో కలిసిపోయి ఉండవచ్చు.

ఇలా అనడం ఉప్పెన తీవ్రతను తగ్గించడానికి చేస్తున్న ప్రయత్నంగా భావించకూడదు. పల్లెలు తుడిచిపెట్టుకుపోయిన మాట వాస్తవం. కానీ కోరంగి గురించి తెలుసుకోదలచిన పాఠకునికి ముందుగా ఎదురయ్యేది ఈ మూడు లక్షల సంఖ్యే. ఒక్క దెబ్బతో మాయమైన మహానగరమన్న భావన దాని నుంచి పుడుతుంది. ఆ భావన ఏర్పడ్డాక ఆ తరువాతి కోరంగి కనబడదు. 1839 తరువాత కూడా అక్కడి నుంచి ఓడలు బయలుదేరాయి, మనుషులు బయలుదేరారు. ఊరు మునిగిపోలేదు. దశాబ్దాల తరబడి నెమ్మదిగా, ఏటేటా వరద తెచ్చిన మట్టితో, రేవు మాత్రం పూడుకుపోయింది. నెమ్మదిగా జరిగినవాటికి పట్టికల్లో చోటు దొరకదు.

రంగం దారి

1843లో కోరంగి ప్యాకెట్ అన్న ఓడ ఈ రేవు నుంచి తెలుగు కూలీలను మారిషస్‌కు చేర్చింది. ఆ ద్వీపంలోని చెరకు తోటల్లో పనిచేసిన తెలుగువారిని కొరింగీలని పిలవడం ఆ రేవు పేరుతోనే మొదలైంది. కోరంగి ప్యాకెట్ పేరుగల ఓడ 1845లో ఆస్ట్రేలియాకు ఈశాన్యాన కోరల్ సముద్రంలో పగడపు దిబ్బలకు తగిలి మునిగింది. ఆ చోట ఉన్న చిన్న దీవులకు నేటికీ కోరంగి దీవులనే పేరు ఉంది. గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఒక పల్లె పేరు ఆస్ట్రేలియా పటం మీద ఉన్న సంగతి పల్లెలో ఎక్కడా రాసి లేదు.

వీటన్నింటికంటే పెద్దది బర్మా దారి. రంగూన్‌ను తెలుగువారు రంగం అన్నారు. 19వ శతాబ్దం ఉత్తరార్ధంలో ఐరావతి డెల్టా వరిసాగు విస్తరించి, బియ్యపు మిల్లులు, రేవు పనులు పెరగడంతో గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి వేలకొద్దీ మనుషులు అక్కడికి వెళ్ళారు. మేస్త్రీ ముందుగా కొంత సొమ్ము బయానా ఇచ్చి, ఓడ ఖర్చు పెట్టుకుని తీసుకెళ్ళేవాడు. ఆ అప్పు తీరేదాకా కూలి అతని చేతి కింద ఉండేవాడు. వారిలో చాలామంది ఎక్కినది కాకినాడలో ఆవిరి ఓడ. అయినా బర్మాలో వారి పేరు కొరింగీలే. పూడిపోయిన రేవు పేరు, ఆ రేవును ఎన్నడూ చూడనివారికి కూడా అంటుకుంది. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళిన మనిషి కూడా అక్కడ కొరింగీయే.

ఆ పేరులో గౌరవం లేదు. సరుకుమూటలు మోసేవాడు, రిక్షా లాగేవాడు, పాకీపని చేసేవాడు అన్న అర్థాలు దానిలో చేరాయి. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేసినప్పుడు యాజమాన్యాలు వారి స్థానంలో బర్మీయులను పనిలోకి తీసుకున్నాయి. సమ్మె పరిష్కారమై పాతవారు తిరిగి పనిలోకి రాగానే, మే 26న రెండు వర్గాల మధ్య అల్లర్లు చెలరేగి, చాలామంది తెలుగువారు ప్రాణాలు కోల్పోయారు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు మిగిలినవారిలో అత్యధికులు కొండలూ అడవులూ దాటి కాలినడకన స్వదేశానికి బయలుదేరారు. దారిలో ఎందరో రాలిపోయారు.

తెలుగు సాహిత్యంలో రంగం కనబడినంతగా కోరంగి కనబడదు. సోమరాజు రామానుజరావు నాటకం రంగూన్ రౌడీ ఊరూరా ఆడింది. వెళ్ళిన చోటు కథావస్తువైంది, బయలుదేరిన చోటు కాలేదు. వలస గురించి పరిశోధించేవారు రంగూన్ లెక్కలను, సమ్మె నివేదికలను చూసినంత శ్రద్ధగా ఈ తీరగ్రామాల జ్ఞాపకాలను సేకరించి ఉంటే పరిస్థితి మరోలా ఉండేది.

మడ

కాకినాడ ఎదుగుదల కోరంగి క్షీణతకు సమాంతరంగా సాగింది. 1860ల అమెరికా అంతర్యుద్ధ కాలంలో భారతదేశపు పత్తికి గిరాకీ పెరిగినప్పుడు ఎగుమతులు కాకినాడ నుంచే జరిగాయి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువలు డెల్టా పంటను పడవల మీద కాకినాడకు చేర్చాయి. 19వ శతాబ్దం చివరి దశాబ్దాలకు కోరంగికి పెద్ద ఓడలు రావడం నిలిచిపోయింది.

అదే కాలంలో కాకినాడ అఖాతం రూపు మారింది. గౌతమి మొగ దగ్గర మొదలై ఉత్తరానికి సాగిన ఇసుకతిన్నె పెరిగి నేటి హోప్ దీవిగా ఏర్పడింది. దాని నీడలో అలల తాకిడి తగ్గి, లోపలివైపు ఒండ్రు నిలిచింది. అలలు కొట్టే నేలలో మడ విత్తు నాటుకోలేదు. నీరు నెమ్మదించి, బురద పోటుకు మునుగుతూ పాటుకు తేలుతూ ఉన్న చోటనే అది వేరు పట్టుకుంటుంది. మడ వేర్లు మళ్ళీ మట్టిని ఆపుతాయి, ఆ మట్టి మీద మరికొన్ని మొలుస్తాయి. ఓడలు తిరిగిన పాయల అంచుల్లో తెల్లమడ, నల్లమడ, పొన్న, తిల్ల ఈ తీరుగా ముందుకు జరిగాయి. నేటి అడవి అంతా కొత్తదని దీని అర్థం కాదు. రేవు కాలంలోనూ మడ ఉంది. కానీ ఇప్పుడు సందర్శకుడు చూసే చాలా భాగం, రేవుకు శత్రువైన మట్టి మీదనే పెరిగింది.

గ్రామస్థులకు మడ ఎన్నడూ చూసి ఆనందించే వస్తువు కాదు. వంటచెరకు, కంచెకు కర్ర, గేదెలకు మేత, సున్నానికి గుల్లలు, అమ్మకానికి మండపీతలు అక్కడి నుంచే వచ్చేవి. తిల్ల నరికేటప్పుడు దాని పాలు కంట్లో పడితే చూపు పోయే ప్రమాదముందని పిల్లలకు ముందుగానే చెప్పేవారు. 1978 జూలైలో సుమారు 235 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించడంతో ఈ హక్కులపై ఆంక్షలు వచ్చాయి. బావురుపిల్లి, నీటికుక్క, హోప్ దీవి ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేలు రక్షణ పొందాయి. పొయ్యిలోకి కట్టెలు తెచ్చుకునే ఆడవారు అపరాధులయ్యారు.

ఈ రెండు పక్షాలనూ కొంత దగ్గరకు తెచ్చినది మరొక తుఫాను. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన పెనుగాలివానలో భైరవపాలెం, బలుసుతిప్ప వంటి మత్స్యకార గ్రామాలు వేటకు వెళ్ళిన మనుషులను పెద్దసంఖ్యలో కోల్పోయాయి. కెరటం ధాటిని మడ తగ్గిస్తుందన్న ఎరుక ఆ తరువాత పాలనాయంత్రాంగంలోనూ బలపడింది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ అటవీశాఖతో, గ్రామసంఘాలతో కలిసి గోదావరి, కృష్ణా డెల్టాల్లో క్షీణించిన మడను పునరుద్ధరించే పని చేపట్టింది. నీరు పారక ఉప్పు పేరుకున్న నేలలో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటునీరు లోపలిదాకా వచ్చి పోయేట్టు చేయడం ఆ పద్ధతి. ఆ కాలువ ఎంత వాలుగా ఉండాలో, ఏ తిథికి నీరు ఎంతవరకు వస్తుందో తెలిసిన మనుషులు ఆ పనిలో ఉన్నారు. ఓడను ఎక్కించడానికి గొయ్యి తవ్విన ఊళ్ళలో ఈ తెలివి ఉండటంలో వింత లేదు.

సందర్శకుడు చూసేది

చెక్కబాట మీద నడిచేవారికి అటవీశాఖ ఫలకాలు చెట్టు శాస్త్రీయ నామం చెబుతాయి, పక్షి పేరు చెబుతాయి. వారి నడక కింద ఉన్న నేల ఎప్పుడు ఎలా ఏర్పడిందన్న సంగతి ఆ నడకలో భాగం కావడం లేదు. పాత దీపస్తంభం వైపు పడవలో తీసుకెళ్తారు. ఆ దీపం ఎవరి కోసం వెలిగిందన్న ప్రశ్న పడవలో ఎవరూ వేయరు. చుట్టూ ఓడలు లేని దీపస్తంభం చూసేవారికి ఫొటోకు పనికివచ్చే శిథిలంగానే మిగులుతుంది.

చూడదగినవి మరికొన్ని దగ్గరలోనే ఉన్నాయి. తాళ్ళరేవులో చెక్కపడవల తయారీ ఇప్పటికీ సాగుతోంది. గీతల పటం లేకుండా, కంటి కొలతతో పక్కటెముకలు నిలిపి పలక బిగించే వడ్రంగులు అక్కడ ఉన్నారు. ఫైబర్ పడవలు, ఇనుప పడవలు వచ్చాక వారికి పని తగ్గుతోంది. ఇంజరం, నీలపల్లి, యానాం రోడ్డు మీదే వరుసగా వస్తాయి. ఒక పూటలో ఈ నాలుగింటినీ కలిపి చూసిన మనిషికి కోరంగి అడవి వేరుగా కనిపిస్తుంది. ఇందుకు పెద్ద ఖర్చు అవసరం లేదు. చెక్కబాట మొదట్లో రేవు పటమొకటి, పడవ నడిపే స్థానిక యువకులకు ఈ చరిత్రలో నాలుగు రోజుల శిక్షణ, ఇవి ప్రారంభానికి సరిపోతాయి. అయితే అందుకోసం 3,00,000 అన్న సంఖ్యను ఫలకం మీద పెద్ద అక్షరాలతో రాయకుండా ఉండటం ముఖ్యం.

ఇసుకతిన్నె పెరుగుదలకు మరో కోణం కూడా ఉంది. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ తీరం ఏళ్ళ తరబడి కోతకు గురవుతోంది. ఇళ్ళు, రోడ్డు సముద్రంలో కలుస్తున్నాయి. హోప్ దీవి పెరగడం వల్ల అలల దిశ మారి ఉప్పాడ మీద తాకిడి పెరిగిందని కొందరు పరిశోధకులు భావిస్తున్నారు. ఎగువ ఆనకట్టల్లో మట్టి నిలిచిపోయి, డెల్టాకు చేరే ఒండ్రు తగ్గుతోందన్నది మరొక వాదం. కోరంగిలో మట్టి ఎక్కువై రేవు పోయింది. ఉప్పాడలో మట్టి అందక ఊరు పోతోంది. రెండింటికీ మధ్య దూరం కొద్ది మైళ్ళే.

కోరంగికి బయటివారు రావడం చెక్కబాటతో మొదలు కాలేదు. గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానం చేసే సప్తసాగర యాత్ర శతాబ్దాలుగా ఉంది. 1907లో గోదావరి జిల్లా గెజిటీర్ రాసిన హెమింగ్వే కూడా దీన్ని నమోదు చేశాడు. పుష్య బహుళ అమావాస్యనాడు, లోకవ్యవహారంలో చొల్లంగి అమావాస్యనాడు, తుల్యభాగ మొగలో తొలి స్నానం. తరువాతి మజిలీ ఆత్రేయ పాయ మొగగా చెప్పే కోరంగి. అక్కడి నుంచి పాయ పాయకూ నడుస్తూ, మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేదిలో వశిష్ఠ సాగరసంగమం దగ్గర యాత్ర ముగుస్తుంది. ఆ రోజుల్లో యాత్రికులను పాయలు దాటించినవారు ఈ పల్లెల పడవవాళ్ళే. నేటికీ చొల్లంగి అమావాస్య తెల్లవారుజామున రహదారి పక్కన వేల మంది దిగుతారు. సముద్రం అప్పటికంటే దూరం జరిగింది కనుక, పోటు ఎక్కేదాకా ఆగి, మడల మధ్య కాలువలోకి వచ్చిన ఉప్పునీటిలోనే మునుగుతారు.